మధ్యలో మనిషి

జనవరి 9

మావయ్యా,

నమస్కారాలూ కుశలప్రశ్నలూ నీకు గిట్టవు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తున్నాను. మా కాలేజీ వార్షికోత్సవానికి ఈ నెల పద్దెనిమిదిన నాటకం వేస్తున్నాం. రాసింది నేనే, వేయిస్తున్నదీ నేనే. పేరు ‘ఒక ఇల్లు’. నువ్వు రావాలి.

పత్రికలో సమీక్ష రాయమని కాదులే, నాకోసం రమ్మంటున్నాను. నీ నాటక సమీక్షలు చదివి మా హాస్టల్లో అమ్మాయిలు నీకు ‘కత్తెర’ అని పేరు పెట్టారు. ఆ కత్తెర మా మీద కూడా పడాలి. ఇక్కడ ఎవరినడిగినా బాగుందంటున్నారు. మా లెక్చరర్ గారైతే స్క్రిప్టు తెరవకుండానే అద్భుతం అనేశారు. మొహమాటం లేకుండా చెప్పేవాడివి నువ్వొక్కడివే.

ఒక్క మాట. అమ్మకీ నాన్నకీ ఈ సంగతి చెప్పకు. చదువు మానేసి నాటకాలేమిటంటారని కాదు. ఎందుకో తర్వాత చెప్తాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో, ఇక్కడ ఫోను వార్డెన్ గదిలో ఉంటుంది. మన మాటలు సగం ఆవిడే పూర్తి చేస్తుంది. అందుకే ఉత్తరం.

అత్తయ్య వాళ్ళ నాన్నగారికి దగ్గు తగ్గిందా?

నీ మేనకోడలు

జనవరి 21

అమ్మడూ,

నిన్ను కలవకుండా వచ్చేశానని కోపంగా ఉండుంటావు. నాటకం ఆలస్యంగా మొదలైంది, బస్సు మాత్రం టైముకే బయల్దేరింది. ఏం చెయ్యను?

ముందు మంచి మాటలు చెప్పేస్తాను, ఎందుకంటే అవి తక్కువ. కథ నీ సొంతం. మాటలు ఎక్కడా అరువు తెచ్చుకున్నట్టు లేవు. తండ్రి వేషం వేసిన కుర్రాడికి మీసం ఒక పక్క ఊడితే, అదేదో రోజూ వచ్చే దురద అన్నట్టు వేలితో నొక్కిపట్టుకుని డైలాగు చెప్పాడు. వాడు పైకొస్తాడు.

ఇక కత్తెర. మీ హాల్లో పంకాలు పాత్రలకన్నా గట్టిగా మాట్లాడాయి. ఉన్న ఒక్క మైకూ స్టేజీ మధ్యలో పెట్టారు. దాంతో ప్రతివాడూ నేరం ఒప్పుకోవడానికి వచ్చినట్టు దాని ముందుకొచ్చి, చెప్పాల్సింది చెప్పి పక్కకి తప్పుకున్నాడు. రెండో రంగం చివర తెర సగంలో ఇరుక్కుని కాళ్ళు మాత్రమే కనిపిస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. వీటికి నిన్నేమీ అనను. తెరలు ఇరుక్కోవడానికే పుడతాయి.

అసలు తప్పు రాతలో ఉంది. నీ నాటకంలో మొగుడూ పెళ్ళాం ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడుకోరు. ఏం కావాలన్నా కూతురి చేత కబురే. ‘మీ అమ్మతో చెప్పు, చొక్కాకి గుండీ ఊడిందని.’ ‘మీ నాన్నతో చెప్పు, గుండీలు డబ్బాలో ఉన్నాయని.’ జనం నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఎందుకు మాట్లాడుకోరు? నువ్వు చెప్పవు. ఏళ్ళ తరబడి కారణం లేకుండా ఎవరైనా అలా ఉంటారా? మూడో రంగంలో కూతురు చదువుకోడానికి వెళ్ళిపోతుంది, ఇంట్లో ఇద్దరే మిగులుతారు. ఆయన టీ కావాలంటే ఖాళీ గ్లాసు గడప మీద పెడతాడు. ఆవిడ వంట అయిందని చెప్పడానికి గరిటెతో పళ్ళెం మీద కొడుతుంది. అతి చేశావు. ఇలాంటివి మీ వయసులో ప్రతీకల్లా కనిపిస్తాయి. చూసేవాడికి మాత్రం ఎబ్బెట్టుగా ఉంటుంది.

అన్నిటికన్నా పెద్ద లోటు ఆ తల్లి. రాయిలా కూర్చుంటుంది. ఆఖరికి కూడా టైపు మిషను ముందు కూర్చునే ఉంది, తెర పడిపోయింది. నాటకం అంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి కదా! ఆవిడ లేవాలి. అరవాలి. తలుపు తీసుకుని బయటికి నడవాలి. మార్చిలో పోటీలకి వెళ్తున్నారని ప్రోగ్రాం కాగితంలో చూశాను. ఈలోగా ఈ రెండూ సరిచెయ్యి. ఒక కారణం, ఒక తలుపు.

పెద్దాయన దగ్గు అలాగే ఉంది. ముందు గదిలో ఆయన మంచం, వెనక గదిలో మేము. ఇంట్లో దగ్గే పెద్ద దిక్కు.

మావయ్య

జనవరి 30

మావయ్యా,

‘ఎద్దు పుండు కాకికి ముద్దా’ అని అమ్మ అంటూ ఉంటుంది. నీ ఉత్తరం చదివాక ఆ సామెత గుర్తొచ్చింది. ఏమనుకోకు, కాకివని అనడం లేదు.

మా వాళ్ళందరినీ కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. మీసం కుర్రాడు పొంగిపోయి రెండుసార్లు చదివించుకున్నాడు. మూడో రంగం దగ్గరికి వచ్చేసరికి కాగితం పక్కవాళ్ళ చేతికిచ్చి బయటికి వచ్చేశాను.

కారణం ఏమిటని అడిగావు. నాకు తెలీదు మావయ్యా. తెలిస్తే రాసేదాన్నే. నాకు ఊహ తెలిసేసరికే వాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు. వాచీలు బాగుచేసే కొట్టుని రేడియో షాపు చేశాను, కుట్టుమిషన్ని టైపు మిషను చేశాను. మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే. ముందు గదిలో నాన్న కొట్టు, వెనక గదిలో అమ్మ మిషను, మధ్యలో ఆ గడప. ఆ గడప దాటి కబుర్లు మోస్తూ పెరిగాను నేను. చిన్నప్పుడు అందరిళ్ళల్లోనూ పిల్లలు చేసే పని ఇదే అనుకునేదాన్ని. ఒకసారి స్నేహితురాలి ఇంటికి వెళ్తే వాళ్ళ నాన్న వాళ్ళమ్మని పేరు పెట్టి పిలిచాడు. నాకు భయం వేసింది.

నేను హాస్టల్‌కి వచ్చాక మొదటి సెలవులకి ఇంటికి వెళ్ళి చూస్తే, గడప మీద గ్లాసు ఉంది. గరిటె చప్పుడు అప్పుడే విన్నాను. నువ్వు అతి అన్నది దాన్నే.

ఇది నీకూ నాకూ మధ్యే ఉండనీ.

నీ మేనకోడలు

ఫిబ్రవరి 6

అమ్మడూ,

ఉత్తరం చదివి, మడిచి, మళ్ళీ చదివాను. మొదట నమ్మలేదు. మా అక్క పెళ్ళికి ముందు వీధి చివరి నుంచే వినపడేలా నవ్వేది. బావ నాతో ఎంత కలుపుగోలుగా ఉంటాడో నీకు తెలుసు. ఈ పిల్ల నాటకాల్లో పడి ఇంటిని కూడా నాటకంలా చూస్తోంది అనుకున్నాను.

తర్వాత కిందటిసారి మీ ఇంటికి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. కొట్లో కూర్చుని బావా నేనూ మాట్లాడుకుంటుంటే అక్క టీ తెచ్చింది. “తమ్ముడూ, బావకి చక్కెర సరిపోయిందో లేదో అడుగు” అంది. నేను అడిగాను. “సరిపోయిందని చెప్పు” అన్నాడు బావ. ముగ్గురం ఒకే చోట ఉన్నాం. ఆ రోజు అది నాకు సరసంలా అనిపించింది. ఈ వయసులో కూడా ఎంత ముచ్చటగా ఉన్నారో అని ఇంటికొచ్చి మీ అత్తయ్యతో చెప్పాను కూడా.

ఇప్పుడు నా విమర్శ వెనక్కి తీసుకోవాలా? ఆలోచించాను. తీసుకోను. నిజమైనంత మాత్రాన ఏదీ నాటకం అయిపోదు. పైగా ఇది తెలిశాక ఆ తలుపు మరింత అవసరం అనిపిస్తోంది. ఇంట్లో తీయలేని తలుపు స్టేజీ మీదైనా తీయాలి కదా. ఇంతకాలం ఇదంతా ఒక్కదానివే మోసుకుంటూ వచ్చి, చివరికి నాకు ఉత్తరం రాశావంటే సాయం అడుగుతున్నావనే నేను అర్థం చేసుకుంటున్నాను. నేనున్నాను.

మావయ్య

ఫిబ్రవరి 20

మావయ్యా,

నేను సాయం అడగలేదు. నాటకం చూడమని అడిగాను. సరే, అది వదిలెయ్.

నువ్వు చెప్పినట్టే మార్చాను. కారణం కోసం ఒక పాత గొడవ కల్పించాను. పెళ్ళిలో ఆడపిల్ల తండ్రిని మగపెళ్ళివారు నలుగురిలో అవమానించారు, ఆవిడ ఆ మాట మర్చిపోలేదు, ఈయన తప్పని ఒప్పుకోలేదు. రాస్తుంటే నాకు అబద్ధమాడుతున్నట్టే ఉంది, వినేవాళ్ళు మాత్రం వెంటనే నమ్మేస్తున్నారు. గ్లాసు తీసేశాను, గరిటె తీసేశాను. చివర్లో ఆవిడ టైపు మిషను కింద పడేసి, “నాతో మాట్లాడు!” అని అరిచి, తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది.

తల్లి వేషం వేసే అమ్మాయికి ఇదే నచ్చింది. ఇన్నాళ్ళూ ఊరికే కూర్చోవడానికి నేనెందుకు అని సణిగేది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. రిహార్సల్లో ఆ పిల్ల తలుపు దాటినప్పుడు అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఒక్క నిమిషం, అమ్మ ఇది చూస్తే, అనిపించింది. చూడదులే.

పోటీలు మార్చి ఏడున. మీసానికి ఈసారి మంచి జిగురు కొన్నాం.

నీ మేనకోడలు

మార్చి 10

అమ్మడూ,

ద్వితీయ బహుమతికి అభినందనలు. మొదటిది వచ్చిన నాటకంలో ఒక గుర్రం బొమ్మ తప్ప ఏమీ లేదు. న్యాయనిర్ణేతలకి గుర్రాలంటే ఇష్టం కాబోలు.

మేము ముగ్గురం రెండో వరసలో కూర్చోవడం నువ్వు తెర పక్క నుంచి చూశావని మీసం కుర్రాడు చెప్పాడు. ఒంట్లో బాలేదని వెళ్ళిపోయావట. ఎదురుచూసి, ఎదురుచూసి వచ్చేశాం. అమ్మ చూస్తే బాగుండునన్న నీ కోరిక తీర్చాలనే తీసుకొచ్చాను. ముందే చెబితే కంగారు పడతావని చెప్పలేదు. అక్కని ఒక్కదాన్నే తీసుకొద్దామని ముందురోజు మీ ఇంటికి వెళ్ళాను. విషయం విని బావ కొట్టు మూసేశాడు. “నా కూతురు నాటకం నేను చూడొద్దా?” అన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందు తయారయ్యాడు. కాదని ఎలా అనను?

రైల్లో ఒకే బెంచీ దొరికింది. కిటికీ దగ్గర అక్క, ఈ చివర బావ, మధ్యలో నేను. రైలు కదలగానే బావ, “మీ అక్కతో చెప్పు, కిటికీ కాస్త దించమని” అన్నాడు. చెప్పాను. అక్క దించింది. “చాలా అని అడుగు” అంది. అడిగాను. ఇక దారంతా అదే పని. నీళ్ళ సీసా, టికెట్లు, ఎండ, గాలి. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ, మధ్యాహ్నానికి నాకు చేయి తిరిగిపోయింది. ఒక దశలో బావ నోరు తెరవకముందే ఆయనకేం కావాలో అక్కతో చెప్పేశాను. ఆయన నా భుజం తట్టాడు. అక్క మొహంలో మార్పేమీ లేదు. వాళ్ళతో పోట్లాడాలనే బయల్దేరాను అమ్మడూ. రైలు దిగేసరికి ఇద్దరి సంచులూ నా చేతిలోనే ఉన్నాయి.

నాటకంలో ‘మీ అమ్మతో చెప్పు’ అన్న మొదటి మాటకి హాలంతా నవ్వింది. బావా నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు. కళ్ళజోడు లేకపోతే ఆయనకి స్టేజీ ఏం కనిపిస్తుంది? తలుపు తీసుకుని ఆ పిల్ల వెళ్ళిపోయినప్పుడు జనం లేచి చప్పట్లు కొట్టారు. బావ కూడా లేచి కొట్టాడు. అక్క లేవలేదు. ప్రోగ్రాం కాగితాన్ని చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ కూర్చుంది. ఎలా ఉందని అడిగితే, “బాగుంది. పిల్లలు కష్టపడ్డారు” అంది.

తిరుగు ప్రయాణంలో ఎవరూ నాతో ఏమీ చెప్పించుకోలేదు.

నాటకంగా చూస్తే మునుపటికన్నా ఎన్నో రెట్లు మెరుగు. మిషను పడినప్పుడు చప్పుడు ఆలస్యంగా వచ్చింది, అది చూసుకో.

మావయ్య

మార్చి 19

మావయ్యా,

బాగుండునని నేను రాయలేదు. అమ్మ చూస్తే అనిపించింది అని రాశాను. దాని పక్కనే ‘చూడదులే’ అని కూడా రాశాను. ఊళ్ళో ప్రతి నాటకంలో ప్రతి మాటనీ పట్టుకుని పీకే మనిషివి, నా ఉత్తరంలో ఆ ఒక్క మాట నీకు కనపడలేదా?

అది మా అమ్మ కాదు. నువ్వు అడిగావని నేను తయారుచేసిన ఇంకెవరో. అమ్మ కూర్చున్నది నేను చూశాను. ఆ అరిచే ఆవిడని చూస్తూ అమ్మ అక్కడ కూర్చుంది. మొదటి నాటకం చూసి ఉంటే, నా కూతురికి నేను తెలుసు అని అయినా అనుకునేది. ఇది చూసి ఏమనుకుని ఉంటుంది? నా కూతురు నన్ను వెళ్ళిపొమ్మంటోంది, నేను వెళ్ళనందుకు సిగ్గుపడుతోంది అనుకోదూ? పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం.

వచ్చే నెల సెలవులు. ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియడం లేదు. నాకు ఇప్పుడే జవాబు రాయకు.

నీ మేనకోడలు

ఏప్రిల్ 16

మావయ్యా,

ఇంటి నుంచి రాస్తున్నాను. రాయకూడదనే అనుకున్నాను, కానీ ఇది ఇంకెవరికీ రాయలేను.

నాన్న నాతో మాట్లాడటం మానేశారు. తిట్టలేదు, నాటకం మాటే ఎత్తలేదు. వచ్చిన రోజు కొట్లోకి వెళ్ళి “నాన్నా” అంటే, కంటికి భూతద్దం పెట్టుకుని వాచీలోకే చూస్తున్నారు. ఎదురుగా వాచీ ఇవ్వడానికి వచ్చినాయన ఉన్నాడు. “మా అమ్మాయికి చెప్పండి, లోపలికి వెళ్ళేటప్పుడు పంకా ఆపమని” అన్నారు ఆయనతో. పాపం ఆయన నన్నూ నాన్ననీ మార్చి మార్చి చూసి, నవ్వాలో వద్దో తెలియక, “పంకా ఆపమంటున్నారమ్మా” అన్నాడు. ఆపి వచ్చాను.

ఇప్పుడు ఇంట్లో ముగ్గురం ఉన్నాం, మాట మోసేవాళ్ళు లేరు. గ్లాసు గడప మీదికి వస్తుంది. అమ్మ లేవకముందే నేను లేచి టీ పోసి పెడతాను. నా చేతిదని తెలిసిందేమో, నిన్న ఆ టీ అలాగే చల్లారిపోయింది.

అమ్మ మామూలుగానే ఉంది. అదే నాకు భయం. నిన్న మధ్యాహ్నం తనంతట తనే అడిగింది, మిషను తొక్కుతూనే.

“ఆవిడ తలుపు తీసుకుని ఎక్కడికి వెళ్ళిందే?”

“ఎక్కడికీ లేదమ్మా. అక్కడితో నాటకం అయిపోయింది.”

“అది కాదు. తలుపు అవతల ఏముంది?”

విరిగిన కుర్చీలు, ఒక నిచ్చెన ఉన్నాయని చెప్పాను. తెర పడేదాకా ఆ అమ్మాయి వాటి మధ్యే నిలబడుతుందని చెప్పాను. అమ్మ నవ్వింది. ఆ నవ్వు ఇంత చిన్నది, వీధి చివరిదాకా కాదు, పక్క గదికి కూడా వినపడదు. తర్వాత మిషను ఆపి, “మీ మావయ్య చెబితే అలా మార్చావట, రైల్లో చెప్పాడు. అయితే వాళ్ళింటికే వెళ్ళుంటుందిలే” అంది. మళ్ళీ తొక్కడం మొదలుపెట్టింది.

నవ్వుతూనే అంది. కానీ మిషను ఆపి అంది. అందుకే అడుగుతున్నాను మావయ్యా. అమ్మ నిజంగానే సంచీ పట్టుకుని మీ గుమ్మంలోకి వస్తే ఉండనిస్తారా? నా చదువయ్యేదాకా చాలు. తర్వాత నేను చూసుకుంటాను. కుట్టుపని ఎక్కడైనా దొరుకుతుంది, ఎవరికీ బరువు కాదు. ఉన్నదున్నట్టు చెప్పు.

నీ మేనకోడలు

మే 4

అమ్మడూ,

జవాబు ఆలస్యమైంది. పత్రికలో ఇద్దరు సెలవు పెట్టారు, వాళ్ళ పనీ నా నెత్తినే పడింది. పెద్దాయనకి దగ్గు ముదిరి ఆయాసం కూడా తోడైంది. ముందు గదిలో ఆయన మంచం పక్కన ఇప్పుడు ఇంకో మంచం, రాత్రిళ్ళు మీ అత్తయ్య అక్కడే పడుకుంటోంది. వేసవి జల్లులకే వెనక గది కప్పు కారుతోందని ఇంటాయనకి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

అక్క నా అక్క. ఈ ఇల్లు ఆవిడ ఇల్లు కాదని ఎవరంటారు? మీ అత్తయ్య దగ్గర మాట ఎత్తాను. కాదనలేదు. మంచి మనిషి. “ఎక్కడ పడుకుంటారు?” అని మాత్రం అడిగింది. వానాకాలం వెళ్ళనీ, కప్పు బాగుచేయించాక అందరం కూర్చుని ఆలోచిద్దాం. బావ చెడ్డవాడేం కాదు. చెయ్యెత్తడు, తాగడు. ఇన్నేళ్ళు గడిచింది కదా, తొందరపడి ఏదో ఒకటి చేసేకన్నా నిదానం మంచిది. అక్క కూడా నవ్వుతూనే అందని నువ్వే రాశావు.

నాటకం గురించి మళ్ళీ ఆలోచించాను. మొదటి ముగింపే సరైనది అమ్మడూ. ఆవిడ కూర్చునే ఉండాలి. అందులోనే బలం ఉంది. గ్లాసూ, గరిటే కూడా మళ్ళీ పెట్టెయ్. ఆ తలుపు వద్దు.

మావయ్య

మే 13

మావయ్యా,

నీ ఉత్తరం అందింది. అమ్మకి చూపించలేదు. అడిగింది నేను, అమ్మ కాదు. కాబట్టి ఆవిడకి జవాబేమీ చెప్పక్కర్లేదు. అత్తయ్య దగ్గర ఇంక ఆ మాట ఎత్తకు. కప్పు బాగుచేయించుకోండి.

నాటకం మళ్ళీ వేసేది లేదు. తల్లి వేషం అమ్మాయి చదువు అయిపోయింది. మీసం కుర్రాడు ఇంకో బృందంలో చేరాడు. నేను వచ్చే ఏడు ఇక్కడి కాలేజీకి మారిపోతున్నాను, కాగితాలు కూడా పెట్టేశాను. ఇక్కడ స్టేజీ లేదు. రోజూ ఇంటి నుంచే వెళ్ళి రావచ్చు.

నీ కత్తెర మాటకి భయపడి మానేశాననుకోకు. మొన్న పొద్దున్న కొట్లోకి టీ తీసుకెళ్ళాను. గడప మీద పెట్టకుండా నేరుగా బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాను. నాన్న తల ఎత్తలేదు. భూతద్దం తియ్యలేదు.

“మీ అమ్మతో చెప్పు, ఇవాళ భోజనానికి ఆలస్యమవుతుందని” అన్నారు.

నాతోనే అన్నారు మావయ్యా. సెలవులకి వచ్చాక నాతో అన్న మొదటి మాట. నాకు కళ్ళు నిండిపోయాయి. ఎంత సంతోషం వేసిందో నీకు రాయలేను. పరుగున లోపలికి వెళ్ళి అమ్మతో చెప్పాను. అమ్మ మిషను ఆపి నా మొహంలోకి చూసింది. తన మొహం కూడా తేటపడింది.

“సరేనని చెప్పు” అంది.

వెళ్ళి చెప్పాను.

నీ మేనకోడలు